దారం తెగితే ఆగే మగ్గం
(టయోటా కంపెనీ స్థాపకుడు కీచిరో టయోడా జీవితం)



మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో మహనీయుల జీవితాలు చదవడం మనకు అలవాటే. అంబేద్కర్ గురించి, ఫూలే దంపతుల గురించి మన సీనియర్లు ఎన్నోసార్లు రాశారు. ఈసారి నేను కార్ల కంపెనీ పెట్టిన ఒక జపాన్ ఇంజనీరు గురించి రాస్తున్నాను. బస్ పాస్ మీద చదువుకునే మనకు కార్ల సంగతి ఎందుకని మీకు అనిపించవచ్చు. కానీ తప్పు జరిగినప్పుడు మనిషి ఏం చేయాలో ఆయన జీవితం చెబుతుంది. అది మనందరికీ పనికొచ్చే విషయం.

మా మేనమామ హైదరాబాద్‌లో చాలా ఏళ్ళు ఒక సేటు దగ్గర క్వాలిస్ నడిపాడు. టయోటా కంపెనీ 2000లో మన దేశంలో అమ్మకానికి తెచ్చిన బండి అది. బెంగళూరు దగ్గర బిడదిలో తయారయ్యేది. 2005లో దాన్ని ఆపేసి ఇన్నోవా తెచ్చారు. నగరంలో సాఫ్ట్‌వేర్ కంపెనీలు పెరుగుతున్న ఆ రోజుల్లో క్వాలిస్‌లు, సుమోలు రాత్రీపగలూ ఉద్యోగులను ఆఫీసులకు చేర్చేవి. క్వాలిస్ చూడటానికి డబ్బాలా ఉంటుందని మొదట్లో వెక్కిరించినవాళ్ళు ఉన్నారు. నడిపినవాళ్ళ మాట వేరు. లక్షల కిలోమీటర్లు తిరిగినా ఇంజను మొండికేయదని, బండి నిండా జనంతో ఘాట్ రోడ్డు ఎక్కినా మధ్యలో నిలబెట్టదని, పాతబడ్డాక అమ్మినా మంచి ధర పలుకుతుందని వాళ్ళు చెబుతారు. కొనేటప్పుడు ధర ఎక్కువని, అదే డబ్బుకు వేరే బండ్లలో హంగులు ఎక్కువ వస్తాయని కూడా చెబుతారు. అయినా సొంతంగా ట్రావెల్స్ పెట్టుకోవాలనుకునే డ్రైవరు అప్పు చేసైనా ఇన్నోవా కొనాలని చూస్తాడు. ఎందుకంటే బండి ఆగితే ఆ రోజు కిరాయి పోతుంది, నెల కిస్తీ మాత్రం ఆగదు.

ఈ నమ్మకం ఎక్కడి నుండి వచ్చింది? దానికి మనం ముందు ఒక మగ్గం దగ్గరికి వెళ్ళాలి.

కీచిరో తండ్రి సకీచి టయోడా 1867లో జపాన్‌లోని ఒక పల్లెలో వడ్రంగి ఇంట్లో పుట్టాడు. ఇంట్లో తల్లి, ఊళ్ళో ఆడవాళ్ళు మగ్గం మీద పడే కష్టం చూసి, దాన్ని తగ్గించాలని పట్టుబట్టాడు. 1891లో తన మొదటి చేమగ్గానికి పేటెంట్ పొందాడు. ఈ కథ మనకు కొత్త కాదు. మన ఆలేరు ప్రాంతంలో చింతకింది మల్లేశం గారు ఆసు పోసి పోసి అమ్మకు చేతులు నొప్పి పుట్టడం చూసి ఆసు యంత్రం తయారుచేసి, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. అమ్మ కష్టం చూసిన కొడుకులు అక్కడా ఇక్కడా ఒకలాగే ఆలోచించారు.

సకీచి ఆ తర్వాత మరమగ్గాలు చేశాడు. వాటిలో ఒక గొప్ప ఏర్పాటు పెట్టాడు. నేస్తుండగా ఒక్క దారం తెగినా మగ్గం దానంతట అదే ఆగిపోతుంది. చెడిపోయిన బట్ట గజాల కొద్దీ రాకముందే పనిమనిషికి తప్పు ఎక్కడుందో తెలిసిపోతుంది. ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. కొడుకు జీవితమంతా దీని చుట్టూనే తిరిగింది.

కీచిరో 1894లో పుట్టాడు. తండ్రి ఎప్పుడూ మగ్గాల ప్రయోగాల మీద ఊళ్ళు తిరిగేవాడు. బిడ్డ పుట్టిన కొద్దికాలానికే తల్లి ఆ ఇల్లు విడిచి వెళ్ళిపోయింది. పసివాణ్ణి తాత, నాయనమ్మ సాకారు. మన హాస్టల్లో కూడా తాత నాయనమ్మల దగ్గర పెరిగి వచ్చినవాళ్ళు ఎందరో ఉన్నారు. ఆ ఒంటరితనం ఎలా ఉంటుందో వాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. కీచిరో పెద్దగా మాట్లాడేవాడు కాదు, కానీ చదువు వదల్లేదు. తండ్రికి పెద్ద చదువు లేదు. కొడుకు మాత్రం టోక్యో ఇంపీరియల్ విశ్వవిద్యాలయంలో మెకానికల్ ఇంజనీరింగ్ చదివి 1920లో పట్టా పొందాడు.

చదువు అయ్యాక తండ్రి మిల్లులోనే చేరాడు. 1921లో అమెరికాకు, అక్కడి నుండి ఇంగ్లండుకు వెళ్ళి, ఓల్డ్‌హామ్‌లోని ప్లాట్ బ్రదర్స్ అనే పెద్ద యంత్రాల కంపెనీలో పని ఎలా జరుగుతుందో చూశాడు. తిరిగి వచ్చి తండ్రితో కలిసి 1924లో కొత్త ఆటోమేటిక్ మగ్గం పూర్తిచేశాడు. వేగంగా నడుస్తుండగానే నాడెలు మారిపోయే మగ్గం అది. ఒక్క పనిమనిషి పదుల కొద్దీ మగ్గాలు చూసుకోగలిగేది. 1929 చివర్లో అదే ప్లాట్ బ్రదర్స్ ఆ మగ్గం పేటెంట్ హక్కుల కోసం 1,00,000 పౌండ్లకు ఒప్పందం చేసుకుంది. పని చూసి నేర్చుకోవడానికి వెళ్ళిన కుర్రవాడి దగ్గరే ఆ కంపెనీ ఎనిమిదేళ్ళకు యంత్రం కొనుక్కుంది!

అప్పటికే ఆయన మనసు మోటారు బండి మీదికి మళ్ళింది. 1923లో టోక్యో ప్రాంతాన్ని పెద్ద భూకంపం నాశనం చేసింది. రైలు పట్టాలు చెడిపోతే అమెరికా నుండి తెప్పించిన ఫోర్డు బండ్లే జనాన్ని మోశాయి. తర్వాత ఫోర్డు 1925లో, జనరల్ మోటార్స్ 1927లో జపాన్‌లోనే బండ్లు బిగించడం మొదలుపెట్టాయి. జపాన్ రోడ్ల మీద తిరిగేవి దాదాపు అన్నీ వాళ్ళవే. మన వాళ్ళు ఎందుకు చేయలేరు అన్న ప్రశ్న కీచిరోను పట్టుకుంది. 1930లో తండ్రి చనిపోయాడు. అదే సంవత్సరం కీచిరో మగ్గాల కార్ఖానాలో ఒక మూల చిన్న ఇంజను మీద పని మొదలుపెట్టాడు. 1933లో కంపెనీలో మోటారు విభాగం పెట్టించాడు. డబ్బు తగలేస్తున్నాడని సొంతవాళ్ళే భయపడ్డారు.

ఒక షెవర్లే కారు కొని, దాని భాగాలన్నీ విప్పి, గీసుకుని, అలాంటివి పోతపోయడం మొదలుపెట్టారు. ఇంజను బ్లాకు పోత కుదరనే లేదు. వందల కొద్దీ బ్లాకులు పగిలి, బుడగలొచ్చి పారేయాల్సి వచ్చింది. చివరికి 1934లో ఇంజను నడిచింది. 1935 మేలో మొదటి నమూనా కారు, నవంబరులో జి-1 అనే లారీ తయారయ్యాయి. ఆ లారీని టోక్యోలో ప్రదర్శించడానికి తీసుకెళ్తుంటే దారిలోనే స్టీరింగు భాగం విరిగింది! రాత్రికి రాత్రి బాగుచేసి ఎలాగో చేర్చారు.

అసలు పరీక్ష అమ్మడం మొదలైన తర్వాత వచ్చింది. కొన్నవాళ్ళ లారీలు ఎక్కడపడితే అక్కడ ఆగిపోయాయి. ఈ రోజు లక్షల కిలోమీటర్లు నమ్ముకుని తిరుగుతున్న టయోటా బండి మొదటి పేరు ఇదీ. కీచిరో ఏం చేశాడంటే, లారీ ఎక్కడ ఆగితే అక్కడికి మనుషులను పంపి ఉచితంగా బాగుచేయించాడు. తానూ వెళ్ళి బండి కిందికి దూరేవాడు. విరిగిన ముక్కను కార్ఖానాకు తెప్పించి, అది ఎందుకు విరిగిందో తేలేదాకా వదిలేవాడు కాదు. అలా ఆ లారీలో వందల మార్పులు చేశారు. దారం తెగితే మగ్గాన్ని ఆపి చూడమన్న తండ్రి పాఠాన్ని కొడుకు రోడ్డు మీద పాటించాడు.

1936లో ఏఏ అనే కారు అమ్మకానికి వచ్చింది. అదే ఏడాది టయోడా అనే ఇంటి పేరును బండ్ల కోసం టయోటా అని మార్చారు. జపాన్ లిపిలో రాస్తే ఎనిమిది గీతలు వస్తాయి, ఎనిమిది వాళ్ళకు శుభ సంఖ్య. 1937లో టయోటా మోటార్ కంపెనీ విడిగా ఏర్పడింది. చెల్లెలి భర్త రిసాబురో అధ్యక్షుడు, కీచిరో ఉపాధ్యక్షుడు. 1941లో కీచిరో అధ్యక్షుడయ్యాడు.

1938లో కొరోమో అనే ఊళ్ళో పెద్ద కార్ఖానా కట్టారు. ఆ ఊరి పేరు 1959లో టయోటా నగరంగా మారింది. అక్కడ కీచిరో ఒక పద్ధతి పెట్టాలనుకున్నాడు. ఏ భాగం ఎప్పుడు ఎంత కావాలో అప్పుడు అంతే రావాలి, గోదాములో కుప్పలు పడి ఉండకూడదు. మన మెస్‌లో హాజరు చూసి బియ్యం కొలిచినట్టన్నమాట. లెక్క తప్పితే అన్నం మిగిలి పారబోయాలి, లేదా చివరి వరుస తమ్ముళ్ళకు అందదు. యుద్ధం వచ్చి ఆ పద్ధతి ఆగిపోయింది. తర్వాతి కాలంలో తైచి ఓనో అనే ఇంజనీరు దాన్ని పూర్తి రూపానికి తెచ్చాడు. ఇప్పుడు మేనేజ్‌మెంట్ చదివే ప్రతి విద్యార్థికీ అది పాఠం.

యుద్ధకాలంలో ఆ కార్ఖానా లారీలు జపాన్ సైన్యానికి వెళ్ళాయి. ఆ సైన్యం చైనాలో, ఆసియా దేశాలలో చేసిన అన్యాయం చరిత్రలో ఉంది. ఈ భాగాన్ని దాచి జీవితచరిత్ర రాస్తే అది సగం నిజమే అవుతుంది. 1945 ఆగస్టు 14న, అంటే జపాన్ లొంగుబాటు ప్రకటనకు ఒక్క రోజు ముందు, బాంబులు పడి కార్ఖానాలో నాలుగో వంతు పోయింది.

యుద్ధం తర్వాత పని మళ్ళీ మొదలైంది కానీ, 1949లో ప్రభుత్వం ధరలు తగ్గించడానికి డబ్బు బిగించింది. బండ్లు కొన్నవాళ్ళు బాకీలు కట్టలేకపోయారు. కంపెనీ మునిగిపోయే స్థితికి వచ్చింది. అప్పిచ్చే బ్యాంకులు మనుషులను తగ్గించాలని పట్టుబట్టాయి. కార్మికులను తీసేయనని కీచిరో అంతకుముందు మాట ఇచ్చి ఉన్నాడు. 1950 ఏప్రిల్ నుండి కార్మికులు సమ్మె చేశారు. చివరికి దాదాపు 2,000 మంది ఉద్యోగాలు వదలక తప్పలేదు. ఇచ్చిన మాట నిలబెట్టుకోలేకపోయినందుకు బాధ్యత తనదేనని ఒప్పుకుని, 1950 జూన్‌లో కీచిరో తన చేతులతో కట్టిన కంపెనీకి రాజీనామా చేశాడు. కార్మికుల పొట్ట కొట్టి తాము మాత్రం కుర్చీల్లోనే ఉండిపోయే యజమానులను మనం చాలామందిని చూశాం. ఆయన రాజీనామాతో పోయిన ఉద్యోగాలు తిరిగి రాలేదు. కానీ ఉన్నవాళ్ళూ పోయినవాళ్ళూ ఆయన్ని చూసిన చూపు మారింది.

విధి చూడండి. ఆయన దిగిపోయిన నెలలోనే కొరియా యుద్ధం మొదలై, అమెరికా సైన్యం లారీలకు ఆర్డర్లు ఇచ్చింది. కంపెనీ నిలబడింది. కొత్త అధ్యక్షుడు తైజో ఇషిదా వెళ్ళి తిరిగి రమ్మని కోరితే కీచిరో ఒప్పుకున్నాడు. కానీ కుర్చీలో కూర్చోకముందే, 1952 మార్చి 27న మెదడులో రక్తస్రావంతో కన్నుమూశాడు. వయసు 57 సంవత్సరాలు. 1955లో వచ్చిన క్రౌన్ కారునూ, 1966లో వచ్చి ప్రపంచమంతా తిరిగిన కొరొల్లానూ ఆయన చూడలేదు. 2008లో తన కంపెనీ అమ్మకాల్లో జనరల్ మోటార్స్‌ను దాటిందన్న సంగతీ ఆయనకు తెలియదు.

అయితే మంచి పేరు ఒకసారి వస్తే శాశ్వతంగా ఉండిపోదు. 2009, 2010 సంవత్సరాలలో యాక్సిలరేటర్ లోపాల వల్ల టయోటా లక్షల కార్లను వెనక్కి పిలవాల్సి వచ్చింది. కీచిరో మనవడు అకియో టయోడా అమెరికా పార్లమెంటు ముందు నిలబడి క్షమాపణ చెప్పాడు. తాత కాలంలో తెగిన దారమే మళ్ళీ తెగింది, మళ్ళీ ఆగి చూసుకోవలసి వచ్చింది.

తమ్ముళ్ళారా, ఇప్పుడు నా సంగతి ఒకటి చెబుతాను. ఇంటర్ మొదటి సంవత్సరంలో నేను లెక్కల్లో తప్పాను. మా ఇంట్లో కాలేజీ మెట్లు ఎక్కింది నేనే మొదటివాణ్ణి. అమ్మానాన్నలకు మార్కుల మెమో చదవడం రాదు. అందుకని పాసయ్యానని చెప్పాను. నాన్న ఆ రోజు కూలి డబ్బులతో మిఠాయి తెచ్చి వాడంతా పంచాడు. ఆ మిఠాయి నా గొంతు దిగలేదు. మూడు వారాలు ఎవరికీ చెప్పలేదు. సప్లిమెంటరీ ఫీజు కట్టే ఆఖరి తేదీ రేపనగా ఏడుస్తూ నాన్నకు నిజం చెప్పాను. ఆయన తిట్టలేదు. లేచి వెళ్ళి ఎవరి దగ్గరో అప్పు చేసి ఫీజు తెచ్చాడు. నా రూమ్‌మేట్ రోజూ రాత్రి స్టడీ అవర్ అయ్యాక నాకు లెక్కలు చెప్పాడు. పాసయ్యాను. ఇవాళ పీజీ చదువుతున్నాను. ఆ రాత్రి చెప్పకపోయి ఉంటే ఇప్పుడు ఏ అడ్డా మీద నిలబడి ఉండేవాడినో నాకు తెలుసు.

దారం తెగడం తప్పు కాదు. తెగిన సంగతి దాచి నేస్తూ పోతే బట్టంతా పాడవుతుంది. మీలో ఎవరికైనా ఏ సబ్జెక్టులోనైనా దారం తెగి ఉంటే, ఈ రాత్రే పక్క మంచం అన్నకు చెప్పండి. చెప్పడానికి సిగ్గనిపిస్తే, తన లారీ ఆగిన చోటికి తానే వెళ్ళి బండి కిందికి దూరిన ఆ పెద్దమనిషిని ఒక్కసారి తలచుకోండి.

– హాస్టల్ పూర్వ విద్యార్థి, పీజీ, నాదర్‌గుల్