బాక్సింగ్‌లో గోల్డ్.. మంచుపైనా గోల్డ్! ఎడ్డీ ఈగన్ రికార్డు ఇప్పటికీ పదిలం

సమ్మర్, వింటర్ ఒలింపిక్స్ రెండింట్లో.. వేర్వేరు ఆటల్లో గోల్డ్ గెలిచింది ఒకే ఒక్కడు. అతనే అమెరికా బాక్సర్ ఎడ్డీ ఈగన్.

1897లో డెన్వర్‌లో పేదింట పుట్టాడు. ఏడాది వయసులోనే రైలు ప్రమాదం తండ్రిని మింగేసింది. తల్లే పెంచింది. పంచ్‌లు విసురుతూనే యేల్, హార్వర్డ్, ఆక్స్‌ఫర్డ్‌లలో చదివి లాయర్ అయ్యాడు.

1920 యాంట్‌వెర్ప్ ఒలింపిక్స్‌లో లైట్ హెవీవెయిట్ గోల్డ్ కొట్టాడు. 1924 పారిస్‌లో మాత్రం హెవీవెయిట్ బరిలో తొలి బౌట్‌లోనే ఓటమి. ఇక ఒలింపిక్ కథ ముగిసిందనుకున్న టైంలో.. 1932లో లేక్ ప్లాసిడ్ వింటర్ ఒలింపిక్స్ పిలుపొచ్చింది. మంచు దారిలో దూసుకెళ్లే బాబ్‌స్లెడ్ అతనికి దాదాపు కొత్త ఆట. అయినా 34 ఏళ్ల వయసులో నలుగురి టీమ్‌తో కలిసి మళ్లీ గోల్డ్!

తర్వాత న్యూయార్క్‌లో బాక్సింగ్‌ను నడిపించే కమిషన్‌కు సారథి అయ్యాడు. 1967లో కన్నుమూశాడు. ఆ రికార్డును మాత్రం ఇంకా ఎవరూ అందుకోలేదు.