ఫ్రెంచి సారస్వతాచార్యుడు గాస్టన్ పారీ

మన నెల్లూరు సీమలో ఖడ్గతిక్కనకును కాటమరాజునకును జరిగిన పోరును గూర్చి వినని పల్లె అరుదు. అట్టి వీరగాథ ఫ్రాన్సు దేశమునకును గలదు. క్రీ. శ. 778లో షార్లమేన్ ప్రభువు సేనలు స్పెయిన్ నుండి మరలుచుండగా, కొండ కనుమలో వెనుకదండుతో నిలిచి మడిసిన రోలాండు కథయే అది. అట్టి ప్రాచీన గాథలను శాస్త్రదృష్టితో శోధించి, ఫ్రెంచి భాషాసారస్వతముల బోధనకే జీవితమును ధారవోసిన పండితుడు గాస్టన్ పారీ.

ఈయన 1839 ఆగస్టు 9న అవెనే అను గ్రామమున జన్మించెను. తండ్రి పోలెన్ పారీ 1853 నుండి పారిస్ నగరమందలి కొలేజ్ ద ఫ్రాన్స్ విద్యాపీఠమున మధ్యయుగ సారస్వతాచార్యుడు. కుమారుడు 1856లో జర్మనీ కేగి బాన్ నగరమున డీజ్ పండితుని శిష్యుడయ్యెను. మన భాషలో ఆకాశము ఆకసమైనట్లు, లాటిను మాటలు క్రమముగా మారి ఫ్రెంచి, ఇటాలియను, స్పానిషు భాషలుగా రూపొందిన విధమును నిరూపించిన మహావిద్వాంసుడాయన.

1870లో ప్రష్యా సేనలు పారిస్‌ను ముట్టడించెను. పౌరులు ఆకలిచే అలమటించుచుండిరి. తనకు విద్య గరపిన జాతియే తన నగరమును చుట్టుముట్టినది! అట్టి వేళ, డిసెంబరు 8న, గాస్టన్ పారీ రోలాండు గాథను గూర్చి ఉపన్యసించెను. శ్రోతల ఆగ్రహమును రగుల్కొల్పుట సులభమే. కాని స్వదేశమునకు హితమా అహితమా అని చూడక సత్యమునే వెదకుట విద్వాంసుని ధర్మమని ఆయన బోధించెను.

1872లో తండ్రి పీఠము నలంకరించెను. ఆ యేడే పాల్ మేయరుతో కూడి రొమానియా పత్రికను స్థాపించెను. సెయింట్ అలెక్సిస్ కావ్యమును పరిష్కరించి ప్రకటించెను. ఒక లేఖకుని పొరపాటు అతని ప్రతిని చూచి వ్రాసిన వారందరికిని సంక్రమించును గదా! ఒకే తప్పు గల ప్రతులను ఒక కుటుంబముగా నేర్పరచి, వంశవృక్షము కట్టి, మూలపాఠమును చేరుట ఆయన పద్ధతి. తాటాకు ప్రతుల పాఠభేదములతో పెనగిన మన పండితుల కీ శ్రమ తెలియనిది కాదు.

మన పంచతంత్రాది కథలు పడమటికి ప్రయాణించి ఫ్రెంచి కథలలో చేరినవని ఆయన విశ్వసించెను. శిష్యుడైన బేడియే 1893లో దానిని ఖండించుచు పెద్ద గ్రంథమే వ్రాసెను. గురువు తరువాత ఆ పీఠమెక్కినవాడును బేడియేయే. గురువును కాదనగల శిష్యుని తయారుచేయుట గురుత్వమునకు కొఱత గాదు, కీర్తియే.

1896లో శాస్త్రజ్ఞుడు పాస్టరు మరణముచే ఖాళీయైన స్థానమున ఫ్రెంచి అకాడమీకి ఎన్నికై, 1903 మార్చి 5న కేన్ పట్టణమున దివంగతుడయ్యెను. ఆయన సేకరించిన పుస్తకములు, ఆయన బోధించిన పరిశోధనాలయమునకే చేరి విద్యార్థుల కుపయోగపడినవి. గ్రంథాలయమును ఇరువదియైదేండ్లు కాపాడుకొనిన మన కంతకన్న ప్రీతికరమైన వార్త యేమున్నది!