సర్ హంఫ్రీ డేవీ: గని దీపం, గని వాయువు

సర్ హంఫ్రీ డేవీ 1778 డిసెంబరు 17వ తేదీన ఇంగ్లండు దేశంలోని కార్న్‌వాల్ ప్రాంతమున పెన్‌జాన్స్ పట్టణంలో జన్మించారు. తండ్రి కొయ్యపై నగిషీలు చెక్కే శిల్పి. 1794లో ఆయన మరణించగా, మరుసటి సంవత్సరమే బాలుడు ఒక వైద్యుని వద్ద శిష్యరికంలో ప్రవేశించవలసి వచ్చింది. విశ్వవిద్యాలయపు గడప తొక్కని ఆ యువకుడు స్వయంకృషితో రసాయన శాస్త్రమును అభ్యసించి, 1807లో విద్యుత్తు సాయంతో పొటాషియం, సోడియం లోహములను వేరుపరచి ఖండాంతర ఖ్యాతి నార్జించారు.

అయితే సామాన్య ప్రజలు ఆయనను స్మరించునది ఒక దీపము వలన. 1812 మే 25న ఉత్తర ఇంగ్లండులోని ఫెల్లింగ్ బొగ్గుగని పేలి 92 మంది అసువులు బాసారు. వారిలో బడి ఈడు బాలురు ఎందరో! బొగ్గు పొరలలో దాగియుండు మీథేన్ వాయువే ఇందుకు కారణం. ఇది గాలిలో సుమారు 5 నుండి 15 శాతం వరకు కలిసినప్పుడు నిప్పు సోకినంతనే పేలుతుంది. దీపము లేనిదే గనిలో పని సాగదు, ఆ దీపమే మృత్యువై కూర్చున్నది.

ప్రమాద నివారణకు ఏర్పడిన సంఘం వారి కోరికపై 1815లో డేవీ గనులను దర్శించి, ఆ వాయువును సీసాలలో లండనుకు తెప్పించుకొని పరీక్షించారు. సన్నని రంధ్రముల గుండా మంట వ్యాపించలేదని కనుగొని, దీపము చుట్టూ తీగవల అమర్చారు. తీగలు వేడిని గ్రహించుటచే వెలుపలి వాయువు అంటుకొనదు. పేటెంటు తీసుకొమ్మని హితులు సూచించినా ఆయన అంగీకరింపలేదు. జార్జి స్టీఫెన్‌సన్ కూడా అదే కాలమున వేరొక దీపమును రూపొందించుటచే ఎవరు ముందన్న వివాదం చెలరేగింది. అంతకన్న విచారకరమైన విషయం మరొకటున్నది. ఈ దీపమును నమ్ముకొని యజమానులు మునుపు విడిచిపెట్టిన ప్రమాదకర పొరలను సైతం త్రవ్వించుటచే పేలుళ్లు ఆశించినంతగా తగ్గలేదు.

డేవీ 1829 మే 29న జెనీవాలో పరమపదించారు.

ఆయన దీపము మంటను వాయువునకు దూరముగా నిలిపినదే గాని, వాయువును పట్టి బంధింపలేదు. నేటికీ అనేక గనుల మీథేన్ పంకాల ద్వారా ఆకాశంలో కలుస్తున్నది. ఇరువది సంవత్సరముల కాలమును లెక్కించినచో, అది బొగ్గుపులుసు వాయువుకన్న 80 రెట్లకు పైగా భూమిని వేడెక్కించగలదు. కనుక త్రవ్వకమునకు ముందే బోరు బావుల ద్వారా దానిని తోడి విద్యుదుత్పత్తికి వినియోగించు పద్ధతి కొన్ని దేశములలో అమలులో ఉన్నది. మూతపడిన గనులు సైతం దశాబ్దాల తరబడి ఈ వాయువును వెలిగ్రక్కుతూనే ఉంటాయి. నీట మునిగిన గనులలో మాత్రం కొన్నేండ్లకే ఆ స్రావము సన్నగిల్లుతుంది.