చేదుకు మన్నన తెచ్చిన గాస్పరే కంపారి

షడ్రసములలో చేదును కోరి అడుగువారు అరుదు. వేపపూవును ఏడాదికి ఒక్కనాడు నాలుకకు తగిలించుకొని మనము తృప్తి పడుదుము. అట్టి రుచిని ప్రతి సాయంకాలము డబ్బిచ్చి కొనునట్లుగా ఒక మహానగరమును అలవాటు చేసినవాడు ఇటలీ దేశీయుడగు గాస్పరే కంపారి. అతని ఇంటిపేరు నేడు దేశదేశముల సీసాలపై కనబడును. ఆ పేరు వెనుకనున్న మనిషిని ఎరిగినవారు మాత్రము కొలదిమందియే.

గాస్పరే 1828లో కస్సొల్నోవో అను గ్రామమున ఒక రైతు కుటుంబమున జన్మించెను. తల్లిదండ్రులకు అతడు పదవ సంతానము. పదిమంది పంచుకొనవలసిన పొలములో పదవవానికి దక్కునది ఎంత? ఆ గ్రామము తిచీనో నదికి చేరువను ఉన్నది. నదికి ఈవల సార్డీనియా రాజ్యము. ఆవల మిలాన్ నగరము ఆస్ట్రియా చక్రవర్తి ఏలుబడిలో నుండెను. ఇటలీ అను రాజ్యము అప్పటికి పుట్టనే లేదు. ఈ సరిహద్దే తరువాత అతని బ్రతుకును మలుపు త్రిప్పినది.

పదునాలుగవ ఏట అతడు ఇల్లు విడిచి రాజధానియగు టూరిన్ నగరమునకు పోయి, బాస్ వారి దుకాణమున పనికి కుదిరెను. చెడ్డచోటికి పోలేదు. టూరిన్ నగరము అప్పటికే మూలికల మద్యములకు పెట్టినది పేరు. 1786లో కర్పానో అను వర్తకుడు తీపి ద్రాక్షసారాయమున మూలికలు కలిపి వెర్మూత్ అను పానీయమును అమ్మనారంభించినది ఆ ఊరిలోనే. వేళ్ళు, బెరడులు, పండ్ల తొక్కలు, పూవులు వీనిలో దేనిని ఎన్నినాళ్ళు మద్యసారములో నానవేయవలెనో, ఎప్పుడు వడకట్టవలెనో, చక్కెరపాకము ఏపాటి కలుపవలెనో తెలియుట అచ్చట ఒక శాస్త్రము. మన వైద్యుని ఇంటి ఆసవములను, అరిష్టములను ఎరిగినవారికి ఈ పని క్రొత్తగా తోచదు. కొన్నియేండ్లు పాటుపడి గాస్పరే ఆ వృత్తిలో నిపుణుడని అనిపించుకొనెను.

అటుపిమ్మట అతడు నొవారా పట్టణము చేరి ఒక కాఫీశాలను నడపెను. 1849లో తమ రాజు తమ పొలిమేరలలోనే ఆస్ట్రియా సేనకు ఓడి సింహాసనము విడిచిపోవుటను చూచినవారు ఆ పట్టణవాసులు. అట్టి ఊరిలో, 1860లో, గాస్పరే తన పేరు నిలిపిన పానీయమును సిద్ధపరచెను. దానికి అతడు పెట్టినది హాలండు పద్ధతి చేదుమందు అను అర్థము వచ్చు పేరు. ఇంటి సరుకునకు పరదేశపు పేరు పెట్టినచో గిరాకి హెచ్చునని ఆనాటి వర్తకులకును తెలియును గాబోలు! జనులు ఆ పేరును నిలువనీయక, చేసినవాని పేరుతోనే పిలువసాగిరి.

దాని యోగము నేటికిని రహస్యమే. మూలికలను, పండ్లను మద్యసారమునందును నీటియందును నానవేసి, తీపి చేర్చి తయారు చేయుదురని మాత్రము లోకమునకు తెలియును. దాని ఎర్రరంగు కొచినీల్ అను చిన్న పురుగులనుండి తీసినది. 2006 వరకు ఆ రంగునే వాడిరి. చేదు ఆకలిని రేపునని ఇటలీవారి నమ్మకము. భోజనమునకు ముందు త్రాగు ఇట్టి పానీయములకు వారు పెట్టుకొనిన అపెరితీవో అను మాట, తెరచుట అను అర్థము గల లాటిన్ ధాతువునుండి వచ్చినది. తిక్తరసము దీపనమని మన ఆయుర్వేదమును చెప్పుచున్నది. రెండు దేశములవారును ఒకే సంగతిని కనిపెట్టిరనుట వింత కాదు. నాలుక అందరికిని ఒకటే.

1859 యుద్ధములో ఆస్ట్రియావారు మిలాన్‌ను విడిచిపోయిరి. తిచీనో నది సరిహద్దు కాకపోయెను. రెండేండ్లకు ఇటలీ రాజ్యము వెలసెను. చిన్న పట్టణమున నిశ్చింతగా సాగుచున్న దుకాణమును కాదనుకొని, కొలది యేండ్లలోనే గాస్పరే ఆ మహానగరమునకు తరలిపోయెను. పెద్ద దేవాలయమునకు ఎదుట, కోపెర్తో దెయి ఫిజీని అను పదునైదవ శతాబ్దపు వసారాలలో అంగడి తెరచెను. అయితే క్రొత్త రాజ్యమునకు తగిన క్రొత్త చౌకము కావలెనని నగరపాలకులు ఆ పాత కట్టడమునే కూల్పించిరి. ఉన్న ఊరు విడిచి వచ్చినవానికి వచ్చినచోటను నిలువ నీడ లేకపోయెను.

ఇట్టి సమయమున నొవారాకు మరలిపోయినను ఎవరును తప్పు పట్టరు. గాస్పరే మరలిపోలేదు. ఆ చౌకము ప్రక్కనే మెంగోని అను శిల్పి గాజుకప్పు గల విశాలమైన గలేరియాను కట్టుచుండెను. 1865లో రాజు పునాదిరాయి వేసెను. 1867 సెప్టెంబరులో ప్రారంభోత్సవము జరిగెను. గాస్పరే అందులో చోటు సంపాదించెను. పైన కాఫీశాల, క్రింది నేలమాళిగలో మద్యపు తయారి, ఇల్లును అక్కడనే. ఆ నవంబరులో భార్య లెతీత్సియా గల్లి కొడుకును కనెను. ఆ భవనమున పుట్టిన మొదటి శిశువు ఆ దావీదే అని మిలాన్‌వారు చెప్పుకొందురు. శిల్పి మెంగోనికి మాత్రము ఆ కట్టడము అచ్చిరాలేదు: 1877 చివరి దినములలో సారువపైనుండి పడి మరణించెను.

గాస్పరే 1882లో కన్నుమూసెను. దావీదేకు అప్పటికి ఏండ్లు పదునైదు. వర్తకము ఆగిపోక నిలుచుటకు లెతీత్సియాయే కారణము. కంపారి కీర్తిని పొగడువారు ఈమెను తలంచుట తక్కువ. పిమ్మట దావీదే పగ్గములు చేపట్టి 1904లో సెస్తో సాన్ జొవాన్నిలో కర్మాగారమును నిర్మించెను. 1915లో గలేరియాలోనే మరియొక శాలను తెరచి, నేలమాళిగనుండి గొట్టముల ద్వారా చల్లని సోడా ఎడతెగక వచ్చునట్లు ఏర్పాటు చేసెను. ఒక గాయనిని ప్రేమించి ఆమె వెంట ఫ్రాన్సునకు పోయి, ఆ విధముగా అతడు విదేశవ్యాపారమునకు దారి తీసెనని ఒక కథ కలదు. కథ అందమైనదే గాని, అంత లెక్క తెలిసిన వర్తకుడు అంగడి చూడక పాటకై పోయెనని నమ్ముట కష్టము. 1932లో సోడా కలిపియే నింపిన చిన్న సీసా వెలువడెను. గరాటును తలక్రిందులు చేసినట్లున్న దాని రూపమును కల్పించినవాడు చిత్రకారుడు డెపేరో. దావీదే 1936లో మరణించెను.

తండ్రి చేసిన చేదును ఇటలీవారు ఇండ్లలో ఉత్తగా త్రాగుట తక్కువ, కలిపి త్రాగుదురు. దానిలో మద్యసారము నూటికి ఇరువది పాళ్ళకు పైననే ఉండును గనుక అది పెద్దల పానీయమే. చేదుమందు 30 మిల్లీలీటర్లు, తీపి వెర్మూత్ 30, పైన కొంచెము సోడా పోసినచో అది అమెరికానో. సోడాకు మారుగా బుడగలు లేచెడి ద్రాక్షమద్యమును 30 పోసినది స్బల్యాతో, అనగా తప్పిపోయినది. 1972 ప్రాంతమున మిలాన్‌లోని బాస్సో శాలలో స్తొక్కెత్తో అను యజమాని జిన్ అను మద్యమునకు బదులు పొరపాటున వేరు సీసా అందుకొనుటచే అది పుట్టినదట. కలుపుటలో మెలకువ యొక్కటే: వాయువు చల్లని ద్రవమునందే నిలుచును. కనుక సీసా, గ్లాసు ముందే చల్లబడవలెను. మంచుముక్కలపై చేదును, వెర్మూత్‌ను పోసి కలిపి, బుడగల ద్రవమును చిట్టచివర గ్లాసు అంచు వెంబడి మెల్లగా జారవిడువవలెను. చక్కెర గల చేదు బరువుగా అడుగున నిలుచును గాన చెంచాతో అడుగునుండి ఒక్కసారి పైకి ఎత్తినచో చాలును. గిరగిర త్రిప్పినచో బుడగలన్నియు పోవును. పైన ఒక నారింజ చెక్క నుంచుదురు.