చిన్న కౌంటీలో పెద్ద బౌలర్

మొన్న రాత్రి హాస్టల్లో క్విజ్ పెట్టుకున్నాం. ఒక టెస్ట్ సిరీస్‌లో ఎక్కువ వికెట్లు తీసిందెవరు? ఒకడు వార్న్ అన్నాడు, ఇంకొకడు మురళీధరన్ అన్నాడు. నేను కుంబ్లే అని సమోసాల పందెం కాశాను. తీరా చూస్తే సిడ్నీ బార్న్స్. 1913-14లో దక్షిణాఫ్రికా మీద 49 వికెట్లు, అదీ నాలుగు టెస్టుల్లోనే! వందేళ్లు దాటినా ఆ రికార్డు చెక్కుచెదరలేదు. సమోసాలు కొనిచ్చి, ఆ రాత్రంతా ఆయన గురించే చదివాను.

1873లో ఇంగ్లండ్‌లోని స్టాఫర్డ్‌షైర్ కౌంటీలో పుట్టాడు బార్న్స్. అక్కడ యార్క్‌షైర్, లాంకషైర్ లాంటి పెద్ద కౌంటీల మ్యాచ్‌లే ఫస్ట్ క్లాస్ లెక్కలోకొస్తాయి. స్టాఫర్డ్‌షైర్ మైనర్ కౌంటీ. అంటే అక్కడ ఎన్ని వికెట్లు తీసినా ఫస్ట్ క్లాస్ ఖాతాలో పడవన్నమాట.

1901లో బార్న్స్ బర్న్‌లీ క్లబ్‌కి లీగ్ మ్యాచ్‌లు ఆడుతున్నాడు. అప్పటికి ఆడిన ఫస్ట్ క్లాస్ మ్యాచ్‌లు వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. అయినా కెప్టెన్ మెక్‌లారెన్ ఆయన్ని నేరుగా ఆస్ట్రేలియా తీసుకెళ్లాడు. మొదటి రెండు టెస్టుల్లో 19 వికెట్లు! మూడో టెస్టులో మోకాలు దెబ్బతింది.

తిరిగొచ్చాక లాంకషైర్‌కి రెండు సీజన్లు పూర్తిగా ఆడాడు. తర్వాత డబ్బు దగ్గర పొసగలేదు. కౌంటీలో వారమంతా బౌలింగ్ చెయ్యాలి. లీగ్‌లో శనివారం ఆడితే చాలు, మిగతా రోజులు గుమాస్తా ఉద్యోగం చేసుకోవచ్చు. అందుకే లీగ్‌కే వెళ్లిపోయాడు, 1904 నుంచి సొంత స్టాఫర్డ్‌షైర్‌కి ఆడాడు. దానికి మూల్యం కూడా చెల్లించాడు: 1902 తర్వాత 1907 దాకా ఒక్క టెస్టూ లేదు.

కానీ బౌలింగ్ ఎక్కడికీ పోలేదు. ఫాస్ట్ బౌలర్‌కి దగ్గరి వేగంతో వేస్తూనే, స్పిన్నర్‌లా వేళ్లతో బంతిని తిప్పేవాడు. 1911లో మెల్‌బోర్న్‌లో మొదటి ఐదు ఓవర్లలో ఒక్క పరుగిచ్చి నాలుగు వికెట్లు తీశాడు. మొత్తం 27 టెస్టుల్లో 189 వికెట్లు, సగటు 16.43. ఆ 49 వికెట్ల సిరీస్‌లో కూడా మేనేజ్‌మెంట్‌తో పేచీ పడి ఐదో టెస్ట్ ఆడలేదంటారు. మనిషి మొండివాడే మరి.

స్టాఫర్డ్‌షైర్‌కి తీసిన వికెట్లు 1,441. ఫస్ట్ క్లాస్‌లో తీసినవాటికి ఇవి రెట్టింపు! 1928లో, 55 ఏళ్ల వయసులో, వేల్స్ తరఫున వెస్టిండీస్ మీద ఒకే మ్యాచ్‌లో 12 వికెట్లు తీశాడు. ముసలితనంలో కౌంటీ కౌన్సిల్‌కి దస్తావేజులు ముత్యాల్లాంటి చేతిరాతతో రాసిపెట్టేవాడట. మన ల్యాబ్ రికార్డులు ఆయన చూడలేదు, నయం. 1967లో, 94 ఏళ్లకి కన్నుమూశాడు.

ఇదంతా మీకెందుకు చెప్తున్నానంటే, ఇప్పుడు నా చేతిలో రెండు ఆఫర్లున్నాయి. ఒకటి అందరికీ తెలిసిన పెద్ద కంపెనీ, రెండేళ్ల బాండ్, పనేంటో చేరాక చెప్తారట. రెండోది మా ఊరి దగ్గర చిన్న యూనిట్. జీతం కాస్త ఎక్కువే, మొదటి రోజు నుంచే డిజైన్ పని. కానీ రేపు రెజ్యూమెలో ఆ పేరు చూసి ఎవరైనా పిలుస్తారా అన్నదే భయం. బార్న్స్‌ని కూడా ఐదేళ్లు పిలవలేదు కదా.

ఆదివారం ఇంటికెళ్తున్నాను. నాన్న ముందు అడిగేది కంపెనీ పేరే. నేను మాత్రం పని గురించి మొదలుపెడదామనుకుంటున్నాను.