పాల్ లాంజెవిన్

1914 సెప్టెంబరు 22వ తేదీ ఉదయం ఉత్తర సముద్రంలో మూడు బ్రిటిష్ యుద్ధనౌకలు ఒకదాని తరువాత ఒకటి మునిగిపోయాయి. వాటిని ముంచింది ఒకే ఒక జర్మన్ జలాంతర్గామి. రెండు గంటలైనా గడవకముందే దాదాపు 1,450 మంది నావికులు ప్రాణాలు కోల్పోయారు. దెబ్బ ఎక్కడినుండి వచ్చిందో మొదట ఎవరికీ అర్థం కాలేదు. నీటి పైన ఉన్న ఓడను కంటితో చూడవచ్చు. నీటి అడుగున దాగిన ఓడను కనిపెట్టడం ఎలా? మొదటి ప్రపంచ యుద్ధకాలంలో అనేక దేశాల శాస్త్రజ్ఞులను వేధించిన ప్రశ్న ఇది. దీనికి సరియైన మార్గం చూపినవారిలో ముఖ్యుడు ఫ్రెంచి భౌతిక శాస్త్రవేత్త పాల్ లాంజెవిన్.

లాంజెవిన్ 1872 జనవరి 23న పారిస్ నగరంలో ఒక సామాన్య కుటుంబంలో జన్మించాడు. పదహారేళ్ల వయసులో నగరపాలక సంస్థ నడిపే భౌతిక, రసాయన శాస్త్రాల విద్యాలయంలో చేరాడు. అక్కడ ఆయనకు ప్రయోగశాలలో పాఠాలు నేర్పిన గురువు పియరీ క్యూరీ. గురువు ప్రోత్సాహంతో ఉన్నత విద్యకు వెళ్లాడు. 1897లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జికి వెళ్లి జె.జె. థామ్సన్ వద్ద పరిశోధన చేశాడు. అక్కడే రూథర్‌ఫర్డ్‌తో చెలిమి కలిసింది. 1902లో డాక్టరేటు పొందాడు. 1905లో ఆయన ప్రతిపాదించిన అయస్కాంతత్వ సిద్ధాంతం ఆయనకు గొప్ప పేరు తెచ్చింది. ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతాన్ని ఫ్రాన్సులో మొదట ఆదరించి బోధించినవారిలో ఆయన ఒకడు.

ఇంతలో యుద్ధం వచ్చింది. జలాంతర్గాముల బెడద నానాటికీ పెరిగింది. వాటి యంత్రాల చప్పుడును నీటిలో వినే సాధనాలు అప్పటికే ఉన్నాయి. కాని జలాంతర్గామి యంత్రం ఆపి మౌనంగా ఉంటే ఆ సాధనాలు పనికిరావు. పైగా వినేవారి ఓడ చేసే రొదలోనే ఆ చప్పుడు కలిసిపోయేది. 1915లో షిలోవ్‌స్కీ అనే రష్యన్ ఇంజనీరు ఫ్రెంచి ప్రభుత్వానికి ఒక ఆలోచన తెలిపాడు. శత్రువు చప్పుడు కోసం ఎదురుచూడడమెందుకు? మనమే నీటిలోకి ధ్వనిని పంపి, దాని ప్రతిధ్వనిని విందాం అన్నది దాని సారాంశం. ప్రభుత్వం ఆ ఆలోచనను పరిశీలించే పని లాంజెవిన్‌కు అప్పగించింది.

కొండల నడుమ నిలబడి కేక వేస్తే ఆ కేక మనకే తిరిగి వినిపిస్తుంది కదా! సముద్రంలోనూ అంతే. నీటిలో ధ్వని సెకనుకు సుమారు 1,500 మీటర్లు ప్రయాణిస్తుంది. పంపిన ధ్వని రెండు సెకన్లలో తిరిగివస్తే, అడ్డు తగిలిన వస్తువు 1,500 మీటర్ల దూరంలో ఉన్నదన్న మాట. అయితే చెవికి వినిపించే ధ్వనులు అన్ని దిక్కులకూ చెదిరిపోతాయి. అందువల్ల ప్రతిధ్వని ఏ దిక్కునుండి వచ్చిందో తెలియదు. సెకనుకు 20,000 కంపనాలకు మించిన అతిధ్వనులు మన చెవికి వినిపించవు. కాని అవి టార్చిలైటు వెలుగులాగా ఒకే దిక్కుకు సూటిగా సాగేటట్లు చేయవచ్చు. లాంజెవిన్ వీటినే ఎన్నుకున్నాడు.

ప్రయోగాలు మొదట పారిస్‌లో, సేన్ నదిలో జరిగాయి. తరువాత 1916లో తులాన్ నౌకాశ్రయానికి మారాయి. తొలి పరికరాలు బలహీనంగా ఉండేవి. ఆ దశలో, 1917లో, లాంజెవిన్‌కు తన గురువు చేసిన పాత పరిశోధన అక్కరకు వచ్చింది. పలుగురాతి స్ఫటికాన్ని నొక్కితే దానిలో విద్యుత్తు పుడుతుందని పియరీ క్యూరీ, ఆయన అన్న జాక్ క్యూరీ 1880లోనే కనుగొన్నారు. ఆ స్ఫటికానికి విద్యుత్తును అందిస్తే అది కంపిస్తుంది కూడా. అంటే ఒకే పలుగురాయి నోరుగానూ, చెవిగానూ పనిచేయగలదు. పలుచని పలుగురాతి పలకలను రెండు ఉక్కు పలకల నడుమ అమర్చి లాంజెవిన్ తన పరికరాన్ని తయారుచేశాడు. 1918 ఆరంభంలో ఆ ధ్వని నీటిలో ఎనిమిది కిలోమీటర్ల దూరం చేరింది. జలాంతర్గామి నుండి స్పష్టమైన ప్రతిధ్వని వినవచ్చింది.

అయితే ఆ పరికరాలు ఓడలలో వాడుకకు రాకముందే, 1918 నవంబరు 11న యుద్ధం ముగిసింది. అంతమాత్రాన ఆ కృషి వృథా కాలేదు. లాంజెవిన్ ఫలితాలను మిత్రదేశాల శాస్త్రజ్ఞులు అందుకున్నారు. రెండవ ప్రపంచ యుద్ధంలో వర్తక నౌకలకు కాపుగా వెళ్లిన బ్రిటిష్ ఓడలలో ఈ సూత్రంతో పనిచేసే ఆస్డిక్ పరికరాలు ఉండేవి. అమెరికన్లు పెట్టిన సోనార్ అనే పేరు తరువాత లోకమంతటా వ్యాపించింది. శాంతికాలంలో ఇదే సూత్రంతో సముద్రపు లోతులు కొలిచారు, చేపల గుంపుల జాడ తీశారు. నేడు ఆసుపత్రులలో రోగి శరీరం లోపలి భాగాలను కోత లేకుండా చూపే స్కానింగు కూడా అతిధ్వనుల ప్రతిధ్వనులతోనే పనిచేస్తున్నది.

శాస్త్రజ్ఞుడు ప్రయోగశాలకే పరిమితం కారాదని లాంజెవిన్ నమ్మాడు. 1934లో నియంతృత్వాన్ని ఎదిరించే మేధావుల సంఘం స్థాపనలో ముందు నిలిచాడు. 1940లో జర్మన్ సేనలు పారిస్‌ను ఆక్రమించాయి. అక్టోబరు 30న ఆయనను నిర్బంధించి చెరసాలలో పెట్టాయి. ఆ వార్త విని విద్యార్థులు నిర్భయంగా నిరసన తెలిపారు. కొన్ని వారాల తరువాత ఆయనను ట్రాయ్ పట్టణంలో పోలీసుల నిఘా కింద ఉంచారు. అక్కడి బాలికల విద్యాలయంలో ఆయన పాఠాలు చెప్పాడు. అల్లుడు జాక్ సొలోమన్‌ను 1942 మే నెలలో జర్మన్లు కాల్చి చంపారు. కుమార్తె హెలెన్‌ను 1943లో ఆష్విట్జ్ నిర్బంధ శిబిరానికి పంపారు. ఇంతటి దుఃఖంలోనూ ఆయన తలవంచలేదు. 1944లో, డెబ్బై రెండేళ్ల వయసులో, రహస్యంగా సరిహద్దు దాటి స్విట్జర్లాండు చేరాడు.

పారిస్ విముక్తి పొందిన తరువాత ఆయన స్వదేశానికి తిరిగివచ్చాడు. హెలెన్ కూడా ప్రాణాలతో తిరిగివచ్చింది. పేద, ధనిక భేదం లేకుండా పిల్లలందరికీ మంచి చదువు అందాలన్న ఆశయంతో ప్రభుత్వం నియమించిన విద్యాసంస్కరణల సంఘానికి లాంజెవిన్ అధ్యక్షత వహించాడు. ఆ పని పూర్తికాకముందే, 1946 డిసెంబరు 19న కన్నుమూశాడు. 1948లో ఆయన భౌతికకాయాన్ని ఫ్రాన్సు మహనీయుల సమాధి మందిరమైన పాంథియన్‌కు తరలించి జాతి గౌరవించింది.

గురువు కనుగొన్న చిన్న సత్యాన్ని శిష్యుడు ముప్పై ఏడేళ్ల తరువాత ప్రాణాలు కాపాడే సాధనంగా మలిచాడు. కంటికి కనిపించని ప్రమాదాన్ని సముద్రంలో కనిపెట్టే మార్గం చూపిన ఆ మేధావి, సమాజంలో పెరుగుతున్న ప్రమాదాన్ని కూడా ముందుగానే గుర్తించి ఎదిరించాడు. విజ్ఞానానికి ధైర్యం తోడైతే మనిషి ఎంత ఎత్తుకు ఎదగగలడో లాంజెవిన్ జీవితం మనకు తెలియజేస్తున్నది.