మహానటి సారా బెర్నార్డ్

చిత్రకారుడు గతించినను అతని పటము గోడపై నిలిచియుండును. శిల్పి మరణించినను శిల నశింపదు. కవి పోయినను కావ్యము మిగులును. నటుని కళ యట్టిది కాదు. తెర దిగినతోడనే యది ముగియును. చూచినవారి జ్ఞాపకమే దానికి నిలయము. ఆ చూచినవారును గతించినపిమ్మట పేరు మాత్రమే శేషించును. అట్లు శేషించిన పేర్లలో ఫ్రాన్సు దేశపు నటీమణి సారా బెర్నార్డ్ పేరు ముఖ్యమైనది. ఆమె యభినయమును మనలో నెవరును చూచియుండలేదు. అయినను ఆమె జీవితము విద్యార్థులు తెలిసికొనదగినదని తలచి, దానిని సంగ్రహముగా నిచ్చట వ్రాయుచున్నాము.

సారా 1844వ సంవత్సరము అక్టోబరు నెలలో పారిస్ నగరమున జన్మించెను. ఆమె తల్లి హాలెండు దేశమునుండి వచ్చిన యూదుజాతి స్త్రీ. తండ్రి యండ ఆ బిడ్డకు లేకుండెను. తల్లి ధనికుల స్నేహములతోను వేడుకలతోను కాలము గడుపునది కావున, శిశువును బ్రిటనీ ప్రాంతపు దాదికి అప్పగించెను. పిమ్మట వెర్సే పట్టణమునందలి కన్యకామఠమున చదువ బెట్టెను. సారా అచ్చటనే బాప్తిస్మము పొందెను. సన్న్యాసినియై మఠముననే యుండిపోవలెనని గాఢముగా కోరెను. బాలికలు ప్రదర్శించిన తోబియా నాటకములో దేవదూత వేషము ధరించుటయు ఆ మఠముననే సంభవించెను.

బాలిక మిక్కిలి బక్కపలుచనిది. దగ్గు విడువదు, అప్పుడప్పుడు రక్తము పడుచుండెను. ఈమె చిరకాలము బ్రదుకదని వైద్యులు తలచిరి. తల్లి స్నేహితుడును, మూడవ నెపోలియన్ చక్రవర్తికి సోదరుడును అగు మోర్నీ ప్రభువు, ఈ పిల్లను నాటకవిద్యకు పంపుడని సలహా యిచ్చెను. అందుచే ఆమె 1860లో పారిస్ నగరపు ప్రభుత్వ నాట్యకళాశాలలో చేరెను. ఇది ఆమె కోరి యెన్నుకొన్న మార్గము కాదు. కాని త్రోవ దొరికినపిమ్మట దానిని విడిచినది కాదు.

1680లో స్థాపింపబడిన కొమెడీ ఫ్రాన్సేజ్ అను జాతీయ నాటకశాల ఫ్రెంచి నటులకు పరమపదము వంటిది. సారా 1862లో రాసీన్ మహాకవి రచించిన ఇఫిజెనీ నాటకముతో అచ్చట రంగప్రవేశము చేసెను. భయముచే వణకుచు మాటలను తొందరగా అప్పగించివేయగా, విమర్శకులు ఆమెను మెచ్చలేదు. మరుసటి సంవత్సరమున మరియొక యుపద్రవము గలిగెను. ఆమె చెల్లెలు ఒక వృద్ధనటి వస్త్రపు కొంగును త్రొక్కెను. ఆ నటి పిల్లను త్రోసివేసెను. సారా తత్క్షణమే యామె చెంపపై కొట్టెను. క్షమాపణ చెప్పుమని యధికారులు కోరిరి. ఆమె చెప్పలేదు, కొలువు పోగొట్టుకొనెను. పెద్దలపై చేయి చేసికొనుట తప్పు. ఈ కోపమును తరువాతి కాలమునను ఆమెకు నష్టములనే తెచ్చెను. వివాహము లేకయే 1864లో ఆమెకు మోరిస్ అను కుమారుడు పుట్టెను. ఇరువదియేండ్ల ప్రాయమున, చేత పనియు ధనమును లేని దినములలో, ఆమె ఆ బిడ్డను విడువక తానే పెంచెను.

1866లో ఓడియాన్ నాటకశాలలో ఆమెకు స్థానము దొరకెను. అచ్చట పట్టుదలతో పని నేర్చుకొని, 1869లో ఫ్రాన్స్వా కొప్పే కవి వ్రాసిన ‘బాటసారి’ అను చిన్న నాటకమున సంచారగాయకుడగు బాలుని వేషము ధరించి ప్రఖ్యాతి గాంచెను. కాని 1870లో జర్మనులతో యుద్ధము వచ్చి పారిస్ నగరము ముట్టడింపబడెను. నాటకములు నిలిచిపోయెను. అప్పుడు సారా ఓడియాన్ నాటకశాలను గాయపడిన సైనికుల యాసుపత్రిగా మార్చుటకు అనుమతి పొందెను. తెలిసిన యధికారులనెల్ల ఆశ్రయించి బియ్యము, రొట్టె, మందులు సంపాదించెను. రాత్రింబవళ్లు క్షతగాత్రుల చెంత నిలిచి పరిచర్య చేసెను.

యుద్ధానంతరము, 1872లో విక్టర్ హ్యూగో రచించిన రూయి బ్లా నాటకమున రాణి పాత్రతో ఆమె పారిస్ నగరమును వశము చేసికొనెను. ఒకనాడు పంపివేసిన కొమెడీ ఫ్రాన్సేజ్ వారే యామెను మరల పిలిచిరి. 1874లో రాసీన్ కృతియగు ఫేద్ర్ నాటకమున నాయికయయ్యెను. 1877లో హెర్నానీ నాటకమును చూచిన హ్యూగో మహాకవి కన్నీరు పెట్టి, దానికి గురుతుగా కన్నీటి బిందువు ఆకృతి గల వజ్రమును ఆమెకు పంపెను. ఆ కాలమున బొద్దుగానుండుటయే సౌందర్యమని యెంచెడివారు. కావున వ్యంగ్యచిత్రకారులు సారా బక్కతనమును కట్టెపుల్లగా చిత్రించి నవ్వుచుండిరి. కాని యామె నోరు విప్పినప్పుడు నవ్వినవారే నిశ్శబ్దులగుచుండిరి. ఆ కంఠమును బంగారు కంఠమని జనులు కొనియాడిరి. రంగముపైకి పోవునప్పుడు భయము మాత్రము జీవితాంతమును ఆమెను విడువలేదు. తీరిక వేళల శిల్పమును గూడ అభ్యసించెను. మునిగి చనిపోయిన మనుమని యొడిలో నుంచుకొన్న వృద్ధురాలి విగ్రహమును చెక్కి, 1876 నాటి ప్రదర్శనమున గౌరవము పొందెను.

1880లో తనకు నచ్చని పాత్ర నిచ్చిరని కోపగించి ఆమె కొమెడీ ఫ్రాన్సేజ్‌ను విడిచిపోయెను. న్యాయస్థానము లక్ష ఫ్రాంకుల పరిహారము చెల్లింపుమని తీర్పు చెప్పెను. ఆ ఋణభారముతోనే ఆమె అమెరికాకు బయలుదేరి, యాబదికి పైగా నగరములలో నాటకములాడెను. పిమ్మట రష్యా, దక్షిణ అమెరికా, ఆస్ట్రేలియా మొదలగు దేశములును తిరిగెను. ఎచ్చటికి పోయినను ఫ్రెంచి భాషలోనే యాడెను. ఆ భాష నెరుగని ప్రేక్షకులును కంటతడి పెట్టిరి. ఆమె గడించిన ధనము అపారము. వెచ్చించినది అంతకంటె నధికము. 1882లో గ్రీకుదేశస్థుడగు నొక నటుని పెండ్లాడెను. అతడు మత్తుమందునకు దాసుడు. కాపురము నిలువలేదు, అయినను అతని యవసానకాలమున ఆమె యతనికి పరిచర్య చేసెను.

1899లో పారిస్ పురపాలకసంఘమువారి పెద్ద నాటకశాల నొకదానిని గుత్తకు తీసికొని, దానికి తన పేరు పెట్టెను. అచ్చట హామ్లెట్ పాత్రను తానే ధరించెను. 1900లో రోస్టాన్ కవి రచించిన నాటకమున, ఇరువదియొక్క యేండ్లకే మరణించిన నెపోలియన్ కుమారుని పాత్ర నాడెను. అప్పటి కామె వయస్సు ఏబదియైదు. ఆ దినములలోనే డ్రైఫస్ అను యూదు సేనాధికారికి అన్యాయముగా శిక్ష పడిన వ్యవహారము దేశమును రెండుగా చీల్చెను. సారా అతని పక్షమున నిలిచెను. ప్రాణముతో సమానుడగు కుమారుడు ఎదిరిపక్షమున చేరగా తల్లీకొడుకులకు కొంతకాలము మాటలు లేకుండెను. నిందలకు గాని, ఇంటి కలహమునకు గాని వెరచి ఆమె తన యభిప్రాయమును మార్చుకొనలేదు.

ఇంతలో చలనచిత్రములు పుట్టెను. పెద్ద నటులు వానిని సంతవేడుకలని చిన్నచూపు చూచుచుండగా, సారా 1900లోనే హామ్లెట్ కత్తియుద్ధపు దృశ్యమును చిత్రింపనిచ్చెను. 1912లో ఇంగ్లండు రాణి ఎలిజబెత్తు పాత్ర ధరించిన చిత్రము అమెరికాలో విశేషముగా ప్రదర్శింపబడెను. దాని హక్కులను కొన్న అడాల్ఫ్ జూకర్ తరువాత పారమౌంట్ సంస్థకు అధిపతి యయ్యెను. కాని విధి విచిత్రమైనది. ఆమె సొత్తు కంఠము. ఆనాటి చిత్రములు మూగవి. మాటలాడు చిత్రములు ప్రబలినది 1927 తరువాత, అప్పటికామె గతించియుండెను. నేడు ఆ చిత్రములను చూచువారికి చేతుల విసురులు కనబడునే గాని, జనులను కరగించిన స్వరము వినబడదు. పాత గ్రామఫోను ముద్రలలో మిగిలిన కంఠధ్వనియు సన్నగా, గరగరగా నుండును.

ఆమె ధైర్యమునకు కడపటి పరీక్ష వృద్ధాప్యమున వచ్చెను. లా టోస్కా నాటకమున కోటగోడనుండి దూకు దృశ్యములో కుడిమోకాలు దెబ్బతినెను. బాధ యేండ్ల తరబడి పెరిగి, 1915 ఫిబ్రవరిలో బోర్డో నగరమున వైద్యులు ఆ కాలును మోకాలిపైకి తీసివేసిరి. ఆమెకు అప్పుడు డెబ్బదియేండ్లు. ఇక విశ్రమించునని లోకము తలచెను. కొయ్యకాలు ఆమెకు నచ్చలేదు. పల్లకివంటి కుర్చీలో తన్ను మోయించుకొని, 1916లో యుద్ధరంగమునకు సమీపమున నున్న సైనికులయొద్దకు పోయెను. ధాన్యపుకొట్లలోను ఆసుపత్రి ముంగిళ్లలోను కూర్చుండియే అభినయించెను. నడువలేకున్నను, లేవలేకున్నను, స్వరమును ముఖమును చేతులును చాలునని నిరూపించెను. ఆ యేటనే మరల అమెరికాకు పోయి 1918 వరకు నచ్చట నాటకములాడెను.

1923లో ఇల్లు కదలలేని స్థితిలో నుండగా, ఒక చిత్రమునకై ఆమె యింటనే దీపములను యంత్రములను అమర్చిరి. ఆ పని ముగియకుండగనే మార్చి 26వ తేదీన కుమారుని చెంత ప్రాణములు విడిచెను. పారిస్ వీధులు జనులతో నిండిపోయెను. ఆమె సమాధి పేర్ లాషేజ్ శ్మశానవాటికయందున్నది. రెండవ ప్రపంచయుద్ధమున జర్మనులు నగరమును ఆక్రమించినప్పుడు, ఆమె యూదు వంశజురాలను కారణముచే నాటకశాలనుండి ఆమె పేరును తీసివేయించిరి. 1968 నుండి అది నగర నాటకశాల యని పిలువబడెను. 2023లో దానిని మరల తెరచినప్పుడు సారా పేరు తిరిగి దానికి చేరెను.

మేము ఈమెను దోషరహితురాలని చెప్పుట లేదు. కోపము, దుబారా, ఆడంబరము ఆమెయందు గలవు. కాని తనకు లేనిదానిని సాకుగా చూపి పని మానినది మాత్రము కాదు. తండ్రి లేడు, ఆరోగ్యము లేదు, కడకు కాలును లేదు. ప్రతి పర్యాయమును మిగిలినదేమో చూచుకొని, దానితోనే పనికి బూనుకొనెను. ఆమె స్వరము మనకు దక్కలేదు. ఈ గుణము మనకు దక్కవలెనన్న చూచినవారి సాక్ష్యముతో పనిలేదు. మన దినచర్యలో దానిని అవలంబించినచో చాలును.